సెలవు వారానికి సరిపడా: చూడదగినవి, వినదగినవి, పట్టించుకోవలసిన టెక్నాలజీ చట్టాలు

మీ ప్రశ్న చదివాను. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఈ వేసవిలో వారం రోజుల సెలవు, హనుమకొండలో అమ్మానాన్నల దగ్గర మకాం. తీరిగ్గా చూడటానికి, వినడానికి, చదవడానికి ఏవైనా చెప్పమన్నారు. ఏడాదిగా వదిలేసిన టెక్నాలజీ చట్టాల వార్తల్లో ఏవి తెలుసుకోవాలి, ఏవి పక్కన పెట్టవచ్చు అని అడిగారు. చివర్లో మీ నాన్నగారి సందేహం కూడా చేర్చారు: ఇంట్లో కేబుల్ కనెక్షన్ ఉంచాలా, తీసేయాలా?

నేను ఇక్కడ హనుమకొండలోనే చాలా ఏళ్లు కేబుల్ ఆపరేటర్‌గా పనిచేశాను. ఇప్పుడు ఆ వ్యాపారం లేదు, కనెక్షన్లు వేరేవాళ్లకు అప్పగించేశాను. అందువల్ల సినిమాల మీద ఎంత ఇష్టమో, వాటిని ఇంటిదాకా చేర్చే వైర్ల మీద, నిబంధనల మీద అంత ఆసక్తి. మీరు వేర్వేరుగా అడిగిన సంగతులు నా లెక్కలో ఒకటే. తెర మీదికి ఏది వస్తుంది, ఎంత ధరకు వస్తుంది, ఏది రాకుండా ఆగిపోతుంది అన్నది ఢిల్లీలో గెజిట్‌లో అచ్చయిన ఒక పేరా తేలుస్తుంది. అందుకే సినిమాలను, చట్టాలను కలిపే చెబుతాను.

విధానాల వార్తలు ఎలా చదవాలో నాకు నేర్పింది 2019. ఆ ఏడాది ఫిబ్రవరి 1 నుంచి టెలికం, టీవీ ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన కొత్త టారిఫ్ (చానళ్ల ధరల పద్ధతి) అమలైంది. మీకు కావలసిన చానళ్లకే డబ్బు కట్టండి అని ప్రచారం. మా ఆఫీసు బల్ల మీద మాత్రం చానళ్ల జాబితా కాగితాల దొంతర. ప్రతి పేరు పక్కన ఒక ధర: కొన్నింటికి 19 రూపాయలు, కొన్నింటికి పది పైసలు. పైన అందరూ కట్టవలసిన నెట్‌వర్క్ రుసుము వంద చానళ్లకు 130 రూపాయలు, జీఎస్టీతో 153 రూపాయల 40 పైసలు. ఆ వందలో దూరదర్శన్ చానళ్లు తప్పనిసరి. రిటైరైన టీచరమ్మ ఒకావిడ పెన్ను తీసుకుని కూర్చుని తనకు కావలసిన సీరియళ్ల చానళ్లు, ఒక సినిమాల చానల్, మనవడికి బొమ్మల చానల్ టిక్కు పెట్టి, కూడిక చేసుకుని, మళ్లీ కూడి, తలెత్తి నా వంక చూశారు. విడివిడిగా ఎంచుకుంటే అంతకుముందు కట్టినదానికంటే ఎక్కువవుతోంది. అదే చానళ్లు ఆ కంపెనీ ప్యాకేజీలో తీసుకుంటే తక్కువ పడుతుంది, అడగని మరో పది చానళ్లు వెంట వస్తాయి. ఆవిడ ప్యాకేజీయే తీసుకున్నారు. చాలామంది అదే చేశారు. ఎంపిక హక్కు కాగితం మీద ఉంది, ప్యాకేజీ ధర దాన్ని మింగేసింది. మరుసటి ఏడాది అదే 130 రూపాయలకు 200 చానళ్లు ఇవ్వాలన్నారు. 2024 జులైలో ఆ 130 పరిమితినే ఎత్తేశారు.

అప్పటి నుంచి ఏ వార్త వచ్చినా శీర్షిక చదివి వదిలేయను. మొదట చూసేది ఇది ముసాయిదానా, పార్లమెంటు ఆమోదించిన చట్టమా, గెజిట్‌లో వచ్చిన నోటిఫికేషనా అన్నది. ఆ తరువాత అమలు తేదీ. ఇల్లలకగానే పండగ కాదన్నట్టు, బిల్లు నెగ్గగానే చట్టం అమలైపోదు. ఈ రెండు ప్రశ్నలు వేసుకుంటే ఏడాది వార్తల్లో సగం రాలిపోతాయి. మీ వారం రోజుల్లో వీటికి గంటకు మించి కేటాయించనక్కర్లేదు.

ఇక చూడటానికి. అమ్మానాన్నలతో కూర్చుని చూడటానికైతే బలగం. ఇప్పటికే చూసి ఉంటారు, అయినా ఇంట్లో పెద్దవాళ్ల పక్కన కూర్చుని చూడటం వేరు. 2023లో వచ్చిన ఈ సినిమా చివర్లో కథ చెబుతూ పాడిన బుడగజంగాల కళాకారుల జంట మొగిలయ్య, కొమురమ్మ మన వరంగల్ జిల్లా దుగ్గొండి వాళ్లు. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశారు. ఆ సినిమా ఓటీటీలోకి వచ్చాక ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఒక వింత జరిగింది. ఊరి మధ్య తెర కట్టి, ప్రొజెక్టర్ పెట్టి, ఊరంతా కూర్చుని చూశారు. విడిపోయిన అన్నదమ్ములు చూసి ఏడ్చారని పత్రికలు రాశాయి. నాకు ఆ దృశ్యం ముచ్చటేసింది, కేబుల్ వాడి బుర్ర మాత్రం ఇంకోటి ఆలోచించింది. ఇంట్లో చూసుకోవడానికి తీసుకున్న ఓటీటీ చందాతో ఊరందరికీ వేసి చూపించడానికి కాపీరైట్ చట్టం ఒప్పుకోదు. బహిరంగ ప్రదర్శనకు హక్కుదారు అనుమతి కావాలి, టికెట్ పెట్టకపోయినా సరే. మేం ఒకప్పుడు లోకల్ చానల్‌లో రాత్రిపూట సినిమా వేయాలన్నా ఇదే చిక్కు. ఊరు కలిసి సినిమా చూసే పద్ధతికి తేలికగా దొరికే, చవకైన అనుమతి మన దగ్గర లేదు. ఉండాలని నా అభిప్రాయం.

అనుమతి అక్కర్లేని సినిమాలు ఉన్నాయని చాలామందికి తెలియదు. మన చట్టం ప్రకారం సినిమాకు కాపీరైట్ విడుదలైన సంవత్సరం ముగిసిన తరువాత 60 ఏళ్లు. 1992 దాకా అది 50 ఏళ్లే ఉండేది. అంటే 1957లో వచ్చిన మాయాబజార్ మీద సినిమాగా ఉన్న హక్కు 2017 డిసెంబరుతో తీరిపోయింది. 1963 నాటి నర్తనశాలది 2023తో తీరింది. 1965 వరకు విడుదలైనవన్నీ 2026 కల్లా ఈ జాబితాలో చేరాయి. ఇక్కడొక మెలిక ఉంది. పాటల సాహిత్యానికి, బాణీకి హక్కు విడిగా ఉంటుంది, అది రచయిత మరణించిన ఏడాది తరువాత 60 ఏళ్ల దాకా నడుస్తుంది. పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు కాబట్టి ఆయన రాసినవాటిపై హక్కు 2031 చివరి వరకు ఉంటుంది. కాలం తీరిన సినిమాకు తరువాత రంగులు అద్ది విడుదల చేస్తే ఆ రంగుల ప్రతి సంగతి మళ్లీ వేరు. కనుక పాత నలుపు తెలుపు సినిమా ఇంట్లో హాయిగా చూడండి. కాలనీ సంఘం తరఫున తెర కట్టాలనుకుంటే మాత్రం లాయరును ఒక మాట అడగండి.

నాన్నగారికి కాస్త గంభీరమైనది నచ్చుతుందంటే దాసి. 1988 సినిమా, బి. నర్సింగరావు తీశారు. గడీలో, అంటే దొర కోటలాంటి ఇంట్లో, దాసీగా బతికిన స్త్రీ కథ. ఉత్తమ నటి సహా ఐదు జాతీయ పురస్కారాలు వచ్చాయి. కళా దర్శకత్వం కరీంనగర్ ప్రాంతపు చిత్రకారుడు తోట వైకుంఠం. మాటలు తక్కువ, గోడలు, గుమ్మాలు, చీకటి గదులే సగం కథ చెబుతాయి. ఫోనులో చూడకండి, టీవీకి కలిపి చూడండి. రాత్రి భోజనాలయ్యాక పెడితే మధ్యలో నిద్రపోతారు, సాయంత్రం పెట్టండి.

చదవడానికి ఒక్కటే చెబుతాను: సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర. 1949లో వచ్చింది, 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దీనికే. అప్పటికి రచయిత లేరు, 1953లో మరణించారు. రాజుల యుద్ధాల చరిత్ర కాదిది. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ దేవతకు మొక్కారు అన్నది కావ్యాల్లోంచి ఏరి పెట్టారు. కాకతీయుల కాలం గురించిన అధ్యాయంతో మొదలుపెట్టండి. క్రీడాభిరామంలోని ఓరుగల్లును ఆయన ఎలా వాడుకున్నారో గమనించండి. ఆ కావ్యంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి అని ఇద్దరు మిత్రులు ఒక రోజంతా ఓరుగల్లు వీధులు తిరుగుతారు. మీరూ ఒక సాయంత్రం ఎండ తగ్గాక కోటకు వెళ్లి తోరణాల మధ్య కూర్చుని ఆ పేజీలు తిరగేయండి. ఇంతకంటే మంచి కాలక్షేపం ఈ ఊళ్లో నాకు తెలియదు.

ఈ పుస్తకానికీ కాపీరైట్ లెక్క వర్తిస్తుంది. 1953కు 60 కలిపితే 2013. 2014 నుంచి అది జనం సొత్తు. ఎవరైనా అచ్చు వేయవచ్చు, ఒక అధ్యాయం గొంతెత్తి చదివి రికార్డు చేసి పంచవచ్చు. కాళోజీ కవితలకు అలా కుదరదు. ఆయన 2002లో పోయారు కాబట్టి 2062 చివరి దాకా ఆగాలి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో బోలెడు దొరుకుతాయి. స్కానింగ్ నాణ్యత అక్కడక్కడా కళ్లకు పరీక్ష పెడుతుంది. కాగితమే కావాలంటే హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఉండనే ఉంది. 1904లో మొదలైంది. నిజాం పాలనలో తెలుగు చదువుకోవడానికే చోటు లేని రోజుల్లో పెట్టిన గ్రంథాలయం అది.

వినడానికి రేడియో. నవ్వకండి. వరంగల్ ఆకాశవాణి పెట్టుకుని వంటింట్లో అమ్మగారికి సాయం చేయండి. రేడియో సెట్టు లేకపోతే ప్రసార భారతి వారి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో ఆకాశవాణి కేంద్రాలు వినవచ్చు. వాళ్లదే వేవ్స్ అనే ఓటీటీ కూడా ఉంది, 2024 నవంబరులో గోవా చలనచిత్రోత్సవంలో ప్రారంభించారు. పాత దూరదర్శన్ మీద మమకారం ఉంటే అందులోకి తొంగిచూడండి. మీ ఊరి ప్రైవేటు ఎఫ్‌ఎం వాళ్లు రోజంతా మాట్లాడుతూనే ఉంటారు గానీ సొంతంగా వార్తలు చెప్పరు, ఎప్పుడైనా గమనించారా? చెప్పకూడదు. ఆకాశవాణి బులెటిన్‌ను యథాతథంగా వినిపించడం వరకే వాళ్లకు అనుమతి. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలోనే చెప్పింది. టీవీలో ఇన్ని వార్తా చానళ్లు పుట్టాయి, యూట్యూబులో ఎవరైనా వార్తలు చదవవచ్చు, రేడియోలో మాత్రం ఇప్పటికీ సర్కారు గొంతే. దీన్ని సమర్థించే వాదన నాకు ఇంతవరకు ఒక్కటీ రుచించలేదు.

ఇప్పుడు మీరు వదిలేసిన వార్తలు. అన్నిటికంటే ముఖ్యమైనది వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. నియమాలు 2025 నవంబరులో గానీ నోటిఫై కాలేదు. అవీ ఒక్కసారిగా అమలు కావు. డేటా రక్షణ బోర్డుకు సంబంధించినవి వెంటనే, సమ్మతి నిర్వాహకుల (మనం ఇచ్చే అనుమతులను మన తరఫున చూసిపెట్టే సంస్థల) నమోదు ఏడాదికి, కంపెనీల మీద పడే అసలు బాధ్యతలు 18 నెలలకు, అంటే నియమాల్లో ఉన్న లెక్క ప్రకారం 2027 మే నెలలో. మీ కంపెనీలో ఈ పాటికే దీని మీద శిక్షణలు మొదలై ఉంటాయి. భద్రతలో లోపానికి జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది కాబట్టి ఆ హడావిడి అర్థం చేసుకోదగినదే.

మీ ఇంటికి పనికొచ్చే సంగతి వేరే చోట ఉంది. ఏ యాప్ అయినా మీ సమాచారం అడిగేటప్పుడు ఇచ్చే నోటీసును ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో ఏదో ఒకదానిలో గానీ చదువుకునే వీలు కల్పించాలి. అంటే మీ అమ్మగారికి తెలుగులో, పక్కింటివారికి ఉర్దూలో. ఇప్పుడు ఆమె ఫోను తీసుకుని ఏదైనా షాపింగు యాప్ తెరిచి చూడండి. బటన్లన్నీ చక్కటి తెలుగులో ఉంటాయి, ‘కొనండి’, ‘కార్ట్‌కు జోడించండి’ అని. కిందికి జారి గోప్యతా విధానం నొక్కితే అనేక యాప్‌లలో పేజీలకు పేజీలు ఇంగ్లీషు. అమ్మడానికి తెలుగు వచ్చినవాళ్లకు, హామీ ఇవ్వడానికి రాలేదన్నమాట. ఇది మారుతుందా లేదా అన్నది 2027 మే తరువాత మీరే పరీక్షించవచ్చు.

ఆ 22 భాషల్లో కోయ లేదు. గోండీ లేదు. లంబాడీ లేదు. 2003లో సంతాలీ, బోడో వంటి నాలుగు భాషల్ని చేర్చారు, మన అడవి జిల్లాల భాషలు బయటే ఉండిపోయాయి. ములుగు, ఏటూరునాగారం వైపు కోయగూడేల్లో, ఆదిలాబాద్ గోండు గూడేల్లో వేలిముద్ర, ముఖం ఫొటో, ఓటీపీ లేకుండా పింఛనూ బియ్యమూ అందని రోజులివి. సమ్మతి నోటీసు వాళ్ల భాషలో ఇవ్వాల్సిన పని మాత్రం ఎవరికీ లేదు. చట్టం గురించి హైదరాబాదు చర్చల్లో ఈ ముక్క ఎవరూ ఎత్తగా నేను వినలేదు.

పైగా పథకాలు, సబ్సిడీల కోసం ప్రభుత్వం మీ సమాచారం వాడుకోవడానికి ప్రతిసారీ సమ్మతి అడగనక్కర్లేదని అదే చట్టం ఏడో సెక్షన్ చెబుతోంది. దీని బరువు తెలియాలంటే సమగ్ర వేదిక గురించి తెలుసుకోండి. వేర్వేరు శాఖల దగ్గరున్న వాహనాల, ఆస్తుల, ఉద్యోగాల వివరాలను కలిపి, ఎవరు అర్హులో ఎవరు కాదో కంప్యూటరు చేత తేల్చే తెలంగాణ ప్రభుత్వ వ్యవస్థ అది. ఇంటిపేరు, పేరు కలిసిన వేరే వ్యక్తి కారు ఒక పేద కుటుంబం ఖాతాలో పడటం వంటి పొరపాట్లు బయటపడ్డాయి. అప్పటికే కార్డు పోయింది, బియ్యం ఆగాయి. రద్దయిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డుల్ని ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. కృత్రిమ మేధ రేపు మనుషుల్ని ఏం చేస్తుందో అని టీవీలో చర్చలు చూసి భయపడేవారికి నేను ఇది చెబుతాను. మన దగ్గర లెక్కలు కట్టే యంత్రం ముందుగా రేషన్ షాపుకే వచ్చింది.

డేటా చట్టంతోపాటు చడీచప్పుడు లేకుండా ఇంకొకటి మారింది. సమాచార హక్కు చట్టం 8(1)(జె). వ్యక్తిగత సమాచారమైనా విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వవచ్చన్న వెసులుబాటు ఇదివరకు ఆ క్లాజులోనే ఉండేది. ఇప్పుడు వ్యక్తిగత సమాచారం అయితే చాలు, నిరాకరించవచ్చు. 2025 నవంబరులో నియమాలతోపాటే ఇదీ అమలైంది, దీనికి 18 నెలల గడువు లేదు. ప్రజా ప్రయోజనం కోసం ఇవ్వవచ్చనే 8(2) ఇంకా మిగిలే ఉంది, దరఖాస్తులో దాన్ని పేర్కొనడం మరవకండి. ఉపాధి హామీ కూలీల జాబితా, ఇళ్ల లబ్ధిదారుల జాబితా అడిగి అక్రమాలు బయటపెట్టే మన మండల విలేకరులకు ఇది నేరుగా తగిలే దెబ్బ. కంపెనీల మీద అదుపు తీరిగ్గా, జనం అడిగే ప్రశ్న మీద అదుపు తక్షణం. ఈ వరసే నాకు మింగుడు పడదు.

తరువాతది కృత్రిమ మేధతో తయారైన వీడియోలకు గుర్తు వేయడం. ముసాయిదా, తుది నియమం వేర్వేరని చెప్పానే, దానికి ఇది ఉదాహరణ. 2025 అక్టోబరు ముసాయిదాలో ఆ గుర్తు తెరలో కనీసం పదో వంతు ఆక్రమించాలని రాశారు. పత్రికలన్నీ అదే రాశాయి. 2026 ఫిబ్రవరిలో తుది నియమాలు వచ్చేసరికి ఆ పదో వంతు షరతు లేదు, స్పష్టంగా కనిపించే గుర్తు ఉంటే చాలన్నారు. దాని బదులు, ప్రభుత్వం గానీ కోర్టు గానీ తీసేయమన్న అంశాన్ని తొలగించడానికి ఉన్న 36 గంటల గడువును 3 గంటలకు కుదించారు. మూడు గంటల్లో ఏ కంపెనీ అయినా ఆలోచించి తీసేయదు, భయపడి తీసేస్తుంది. వ్యంగ్య వీడియోలు చేసేవాళ్లు జాగ్రత్తగా చూడవలసిన వార్త ఇది. రచనల్ని వాడుకుని ఏఐకి శిక్షణ ఇచ్చే కంపెనీలు రాయల్టీ కట్టాలంటూ 2025 డిసెంబరులో కేంద్ర పరిశ్రమల శాఖ వైపు నుంచి వచ్చిన పత్రం మాత్రం ప్రతిపాదన. దాని మీద వస్తున్న ఆవేశపూరిత వ్యాసాలు సెలవులో చదవనక్కర్లేదు.

సంచార్ సాథీ అనే టెలికం శాఖ యాప్ గొడవ మీరు విని ఉంటారు. కొత్త ఫోన్లన్నిటిలో ఈ యాప్ ముందే ఉండాలని 2025 నవంబరు 28న టెలికం శాఖ ఆదేశమిచ్చింది, దేశమంతా గగ్గోలు పుట్టింది, డిసెంబరు 3న వెనక్కి తీసుకుంది. బలవంతంగా పెట్టడం తప్పు, అదే పేరుతో ఉన్న పోర్టల్ మాత్రం పనికొస్తుంది. ఒక మధ్యాహ్నం కూర్చుని మీ నాన్నగారి పేరున ఎన్ని సిమ్ములున్నాయో అందులో చూడండి. ఎప్పుడో ఆధార్ జిరాక్సు ఇచ్చిన చోట మనకు తెలియని నంబరు పుట్టి ఉండవచ్చు. ఉంటే అక్కడే ఫిర్యాదు చేయవచ్చు. సైబర్ మోసం జరిగితే 1930కి ఫోన్ చేయాలని ఇంట్లో గోడ మీద రాసి పెట్టండి, డబ్బు పోయిన మొదటి గంటలే కీలకం.

క్రికెట్ మ్యాచ్‌లు చూస్తారు కాబట్టి ఇదీ చెప్పాలి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టు నాటి కేంద్ర చట్టం నిషేధించింది. నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, ప్రకటనలు చేసేవారికి రెండేళ్ల వరకు. ఆడినవారికి శిక్ష లేదు. మనకు ఇది కొత్త కాదు, తెలంగాణ 2017లోనే నిషేధం తెచ్చింది. రాష్ట్రం గీసిన గీతను పక్క రాష్ట్రం సర్వరు ఎలా దాటుతుందో ఆ ఎనిమిదేళ్లలో చూశాం.

కొత్త ఫోన్ల విడుదలలు, ఏఐ కంపెనీల అధిపతుల మాటల యుద్ధాలు, ఏ మంత్రి ఏ సదస్సులో ఏమన్నారు, ఇవన్నీ వదిలేయండి. పదహారేళ్లలోపు పిల్లలకు సోషల్ మీడియా నిషేధం అన్న వార్త ఆస్ట్రేలియాది, అక్కడ 2025 డిసెంబరు 10 నుంచి అమలులో ఉంది. మన కేంద్ర డేటా చట్టంలో నిషేధం లేదు, 18 ఏళ్లలోపువారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల ధ్రువీకరించిన సమ్మతి కావాలన్నదే ఉంది.

ఈ సినిమాల కోసం ఓటీటీ చందా ఒక నెలకే కట్టేట్లయితే ఆటోపే సంగతి చూసుకోండి. యూపీఐ యాప్‌లో ఆటోపే అని వేరే పేజీ ఉంటుంది, చందా కట్టిన రోజే అందులోకి వెళ్లి రద్దు చేస్తే నెలాఖరున డబ్బు పోదు. సాధారణంగా కట్టిన నెల పూర్తయ్యేదాకా చూడనిస్తారు. డబ్బు తీసుకోవడానికి 24 గంటల ముందు మీకు సమాచారం రావాలన్నది 2021 అక్టోబరు నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధన. చేరడం ఒక్క నొక్కుతో, వదిలించుకోవడం తొమ్మిది తెరలతో ఉండే ఏర్పాటును ‘సబ్‌స్క్రిప్షన్ ట్రాప్’ అంటారు. వినియోగదారుల రక్షణ కోసం కేంద్రం తెచ్చిన 2023 నవంబరు మార్గదర్శకాలు పేర్కొన్న 13 మోసపు పద్ధతుల్లో అదొకటి, వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫిర్యాదు చేయవచ్చు.

చివరగా నాన్నగారి కేబుల్ ప్రశ్న. మాజీ ఆపరేటర్‌ను కాబట్టి నా మాటను కాస్త తగ్గించి తీసుకోండి. ఆయన చూసేది వార్తలు, పాత పాటలు, అమ్మగారు చూసేది సీరియళ్లు అయితే కేబుల్ తీసేసి రెండు ఓటీటీలు కట్టడం వల్ల పెద్దగా మిగలదు. పైగా రిమోట్లు రెండవుతాయి, వీడియో ఆగినప్పుడల్లా హైదరాబాదులో ఉన్న మీకు ఫోన్ వస్తుంది. దూరదర్శన్, ఉచిత చానళ్లు చాలు అంటే డీడీ ఫ్రీ డిష్ పెట్టించండి. డిష్, బాక్సు ఒకసారి కొంటే నెలవారీ రుసుము లేదు. తెలుగు ప్రధాన వినోద చానళ్లు అందులో దొరుకుతాయో లేదో చూసి అమ్మగారికి ముందే చెప్పండి, లేకపోతే తీర్పు మీకు వ్యతిరేకంగా వస్తుంది. ఇంట్లో ఇప్పటికే ఫైబర్ ఇంటర్నెట్ ఇస్తున్నది అదే ఆపరేటర్ అయితే రెండూ కలిపి ఎంతకు ఇస్తారో అడిగి చూడండి, అడిగినవాళ్లకే తగ్గిస్తారు. కనెక్షన్ అలాగే ఉంచి, ఎప్పుడూ పెట్టని కంపెనీ బొకేలు (చానళ్ల ప్యాకేజీలు) ఒక్కొక్కటి తీయించుకుంటూ పోవడం అన్నిటికంటే తెలివైన పని. పూర్తిగా తీసేయాలనే నిర్ణయించుకుంటే బాక్సు, అడాప్టరు, రిమోటు మూడూ ఇచ్చి, బాక్సు వెనుక ఉన్న నంబరు రాయించుకుని రసీదు తీసుకోండి, మొదట డిపాజిట్ కట్టి ఉంటే అప్పుడే అడగండి.